ఆరు నెలలు బియ్యం తీసుకోలేదని కార్డు ఆపేశారు, గ్రామసభలో ఏం చెప్పాలి?

పాలమూరు_రైతుబిడ్డ

మా అన్న, వదిన, ఇద్దరు పిల్లలు ఉగాది అయ్యాక బిల్డింగ్ పనికి బెంగళూరు వెళ్లారు. రేషన్ కార్డు ఊళ్లోనే, మా అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. దసరాకి వచ్చినప్పుడు బియ్యం తెచ్చుకుందామని వదిన షాపుకి వెళ్తే మిషన్‌లో సరుకే చూపించలేదు. ఆరు నెలలుగా తీసుకోలేదు కాబట్టి కార్డు ఆగిపోయిందని డీలర్ చెప్పాడు. వదిన సంచి మడత పెట్టుకుని అలాగే తిరిగొచ్చింది.

ఆపిన కార్డుల మీద మూడు నెలల్లో ఇంటింటికీ వచ్చి విచారణ చేస్తారని, అర్హత ఉంటే మళ్లీ ఇస్తారని పేపర్లో చదివాను. సరే. కానీ వాళ్లు వచ్చేసరికి అన్నావాళ్లు మళ్లీ బెంగళూరులో ఉంటారు. ఇంటికి తాళం ఉంటుంది. ఆ తాళం చూసి వచ్చినవాళ్లు ఏమని రాసుకుంటారు? అదే నా టెన్షన్.

వచ్చే గురువారం మా ఊళ్లో గ్రామసభ ఉంది. రేషన్‌లో ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా, రూల్స్ మీద ఏం చెప్పాలనుకున్నా చెప్పండి, రాసి పైకి పంపుతాం అని దండోరా వేయించారు. నేను ఎప్పుడూ సభలో లేచి మాట్లాడినవాణ్ణి కాదు. ఏం చెబితే పనికొస్తుంది? మనం చెప్పింది నిజంగా ఎక్కడికైనా చేరుతుందా?

డీలర్_బాబాయ్

నేను రేషన్ షాపు నడుపుతాను, వేరే జిల్లాలో. ముందు ఒక మాట. కార్డు ఆపేది డీలర్ కాదు. నెల మొదట్లో మిషన్ తెరిస్తే కొన్ని నంబర్లకు సరుకు రాదు, అప్పుడే మాకూ తెలుస్తుంది. ముందుగా ఒక లిస్టు ఇచ్చి ఉంటే ఆ ఇళ్లవాళ్లకు ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. ఊళ్లో ఎవరు ఎక్కడికి వలస పోయారో మాకు తెలియనిది కాదు.

ఇంకోటి. ఇంట్లో ఒక్కరు వచ్చి వేలిముద్ర వేసినా కుటుంబం మొత్తం బియ్యం ఇచ్చేస్తాం. మీ అమ్మగారి పేరు ఆ కార్డులో ఉందా?

పాలమూరు_రైతుబిడ్డ

లేదు బాబాయ్. అమ్మది వేరే కార్డు, అంత్యోదయ. 35 కిలోలు వస్తాయి. అన్న కార్డులో వాళ్లు నలుగురే.

నిక్కచ్చి_మనిషి

నాకు మాత్రం ఈ రూల్ న్యాయంగానే అనిపిస్తోంది. ఆరు నెలలు బియ్యం తీసుకోకుండా గడిచిందంటే అవసరం లేదనే కదా అర్థం? మా వీధిలో కారున్న ఇంటికి కార్డు ఉంది. ఆ ఇంట్లో అంట్లు తోమే ఆవిడకు లేదు. పెళ్లయి వేరుపడ్డాక అప్లై చేసి ఎన్నేళ్లు ఎదురుచూసిందో నేను కళ్లారా చూశాను. పాత పేర్లు తీస్తేనే గదా కొత్తవాళ్లకు చోటు దొరికేది. మీ అన్నమీద కోపంతో అనడం లేదు తమ్ముడూ, రెండోవైపు కూడా చూడాలి.

సిక్కోలు_సముద్రం

అవసరం లేక తీసుకోరు అనుకోవడమే తప్పు సార్. మా ఊరి మగవాళ్లు గుజరాత్‌లో వేరావల్ వెళ్తారు, అక్కడి బోట్ల మీద పనికి. వానాకాలం వేట నిషేధం అయ్యాక పోతే మళ్లీ ఎండాకాలానికే వస్తారు. సముద్రం మీద వేలిముద్ర వేసే మిషన్ ఉండదు. ఇళ్లలో ఆడవాళ్లం ఉన్నాం కాబట్టి మా కార్డులు బతికాయి. ఆలుమగలిద్దరూ కలిసి వలస పోయే పాలమూరు, అనంతపురం వాళ్లకు ఆ వీలు లేదు. ఎవరు ఎక్కువ కష్టంలో ఉన్నారో వాళ్ల కార్డే ముందు ఆగుతోంది.

అనంత_వాన

మా మామయ్యవాళ్లు బెంగళూరులోనే తీసుకునేవారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఏ రాష్ట్రంలో షాపులోనైనా ఇవ్వాలి. 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ అందులో చేరాయి. కాకపోతే అది కేంద్రం ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డయి ఉండాలి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డయితే పక్క రాష్ట్రంలో పనిచేయదు. మీ అన్నది ఏది?

పాలమూరు_రైతుబిడ్డ

కేంద్రానిదే, ఇప్పుడే మీసేవలో కనుక్కున్నా. అన్న అక్కడ రెండుసార్లు ప్రయత్నించాడట. సైట్ పని పొద్దున ఎనిమిదికి మొదలవుతుంది. షాపు కోసం ఒక పూట మానేస్తే మేస్త్రి ఆ రోజు మొత్తం కూలి కోస్తాడు. మొదటిసారి వెళ్తే సర్వర్ లేదు. రెండోసారి వెళ్తే ఈ నెల స్టాక్ అయిపోయింది, వచ్చే నెల మొదట్లో రండి అన్నారు. ఇరవై కిలోల బియ్యం కోసం రెండు రోజుల కూలి పోయింది. ఇంక వద్దులే అని వదిన కిరాణా కొట్లో కొనుక్కుంది. అవసరం లేక కాదు సార్.

నిక్కచ్చి_మనిషి

ఇది నాకు తెలియదు. షాపుకి వెళ్లి కూడా దొరకనివాణ్ణి, అసలు వెళ్లనివాణ్ణి ఒకే లెక్కలో వేయడం తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ ఏరివేత ఉండాలనే మాట మీద నిలబడతాను.

లా_చదువుతున్నా

అసలు రూల్ ఏంటో చెప్తాను, సగం గొడవ అక్కడే ఉంది. రేషన్‌ ఎలా నడవాలో చెప్పే 2015 నాటి కంట్రోల్ ఆర్డర్ ఒకటి ఉంది. 2025 జూలైలో కేంద్రం దాన్ని సవరించింది. ఆరు నెలలు సరుకు తీసుకోని కార్డుని తాత్కాలికంగా ఆపాలి. తర్వాత మూడు నెలల్లోపు ఇంటికి వెళ్లి చూసి, ఈ-కేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడటం) చేసి, అర్హత ఉందో లేదో తేల్చాలి. ఐదేళ్లకోసారి అందరికీ ఈ-కేవైసీ తప్పనిసరి చేసింది కూడా ఆ సవరణలోనే.

ఆపడం వేరు, రద్దు వేరు. మీ అన్న కార్డు ప్రస్తుతానికి రద్దు కాలేదు. కాబట్టి సభలో 'మా కార్డు తీసేశారు' అనకండి. 'ఆపారు, విచారణ ఇంకా జరగలేదు, విచారణ ఇలా జరపండి' అని అడగండి. ఆ తేడాతో మీ మాటకి బలం వస్తుంది.

నిక్కచ్చి_మనిషి గారు అన్న చోటు సమస్య మాత్రం నిజం. చట్టం ప్రకారం దేశం మొత్తం మీద పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు మించి కేంద్రం బియ్యం ఇవ్వదు. ఆ లెక్క వేసిందేమో 2011 జనాభా మీద, సుమారు 81 కోట్ల మందికి. ఆ తర్వాత పుట్టిన పిల్లలు, పెరిగిన కుటుంబాలు ఆ లెక్కలో ఎక్కడా లేరు. అంట్లు తోమే ఆవిడకి చోటు లేకపోవడానికి పాలమూరు కూలీ కారణం కాదు.

బెజవాడ_అత్త

సభ పెట్టి అడుగుతున్నారంటే అదే సంతోషం. మాకు ఫోన్ వస్తుంది. రికార్డు చేసిన గొంతు. రేషన్ సరిగ్గా అందుతోందా, అందితే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి. నాకు బియ్యం అందుతున్నాయి, కానీ తూకం మీద ఒక మాట చెప్పాలి. ఒకటి నొక్కాలా రెండు నొక్కాలా? చెప్పాలనుకున్న మాటకి అక్కడ నంబరు లేదు. చివరికి ఒకటి నొక్కి పెట్టేశాను, లెక్కలో నేను సంతృప్తిగా ఉన్నట్టే పడి ఉంటుంది.

అనంత_వాన

అత్తా, రెండు నొక్కాల్సింది. కారణం అడుగుతూ మళ్లీ ఫోన్ చేస్తారేమో!

బెజవాడ_అత్త

ఈసారి రెండే నొక్కుతా నాయనా. ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తున్నా.

తనిఖీ_అక్క

రైతుబిడ్డ తమ్ముడికి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికగా చదువు. నేను ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌లో కొన్నేళ్లు పనిచేశాను. జనంతో లెక్కలు చదివించే ఆ పని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గట్టిగా నడిచింది, 2009లో దానికి ప్రత్యేకంగా ఒక సంస్థే పెట్టారు. ఊళ్లో పది రోజులు ఇల్లిల్లూ తిరిగి, చివర్లో మండలంలో ప్రజా వేదిక పెట్టేవాళ్లం.

ఒక ఊళ్లో పింఛను లిస్టు పైకి చదువుతున్నాం. ఒక పేరు దగ్గర 'మృతి' అని ఉంది. చదివాను. వేపచెట్టు మొదట్లో బీడీ కాలుస్తున్న ముసలాయన లేచి, 'అమ్మా, ఆ పేరు మళ్లీ ఒక్కసారి చదువు' అన్నాడు. చదివాను. 'అది నేనే' అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అప్పటికి ఏడాదిగా ఆయనకు పింఛను లేదు. ఆఫీసుకి మూడుసార్లు తిరిగాడట, ఎవరూ ఆయన మాట రాసుకోలేదు. ఆ రోజు అందరి ముందూ చదివాం కాబట్టి, అందరూ చూస్తుండగా ఆయన నిలబడ్డాడు కాబట్టి రిజిస్టర్‌లోకి ఎక్కింది. తర్వాతి నెలల్లో పింఛను వచ్చింది. నీ ప్రశ్నకి నా సమాధానం అదే. చెప్పింది పోదు, కానీ కాగితం మీదికి ఎక్కితేనే.

రేషన్‌కి కూడా ఈ హక్కు ఉంది. 2013 ఆహార భద్రత చట్టంలో 28వ సెక్షన్ సోషల్ ఆడిట్ గురించే. 11వ సెక్షన్ ప్రకారం అర్హుల జాబితాని జనానికి కనిపించేలా పెట్టాలి. 27వ సెక్షన్ ప్రకారం రేషన్ రికార్డులు ప్రజలకు అందుబాటులో ఉండాలి. 29వ సెక్షన్ కింద రాష్ట్రం నుంచి రేషన్ షాపు దాకా రేషన్ సరిగ్గా అందుతోందా అని కనిపెట్టి చూసే విజిలెన్స్ కమిటీలు ఉండాలి, అందులో ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, నిరుపేదలకు చోటివ్వాలి. మీ షాపు కమిటీలో ఎవరున్నారో సభలో అడుగు. చాలా ఊళ్లలో అందులో ఉన్నవాళ్లకే తాము ఉన్నామని తెలియదు, నేను చూసినదే చెప్తున్నా.

ఇక సభ రోజు సంగతి. పొద్దున్నే వెళ్లి ముందు వరసలో కూర్చో. మాట్లాడే ముందే నీ విషయం ఒక పేజీలో రాసి రెండు కాపీలు పెట్టుకో. 'వలస కూలీలకు అన్యాయం జరుగుతోంది' అని మొదలుపెట్టకు, అలా అంటే తల ఊపి ఊరుకుంటారు. మీ అన్న ఏ నెలలో వెళ్లాడు, బెంగళూరులో షాపుకి ఎన్నిసార్లు వెళ్లాడు, ఏమన్నారు, దసరాకి మిషన్‌లో ఏం చూపించింది, అంతే చెప్పు. తర్వాత ఏం మార్చాలో ఒక్కటి అడుగు. పది అడిగితే ఒక్కటీ రాయరు.

అన్నిటికన్నా ముఖ్యం, సంతకం. చాలా సభల్లో ముందే ఖాళీ పేజీ మీద సంతకాలు తీసుకుంటారు, తీర్మానం తర్వాత రాసుకుంటారు. మర్యాదగానే చెప్పు, 'రాసింది చదివి వినిపించండి సార్, అప్పుడు పెడతాను' అని. ఆ పేజీ ఫోటో తీసుకో.

డీలర్_బాబాయ్

ఖాళీ పేజీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అక్క చెప్పినట్టు చెయ్యి తమ్ముడూ.

గూడెం_టీచర్

నేను పాడేరు వైపు కొండ మీద బళ్లో పనిచేస్తున్నాను. మా దగ్గర సభ కంటే ముందు తేలాల్సింది సభ టైము. పదకొండింటికి పెడతారు. ఆ సమయానికి ఆడవాళ్లంతా పోడులోనో, సంతలోనో ఉంటారు. ఇంట్లో బియ్యం ఎన్ని రోజులకు సరిపోతాయో తెలిసింది వాళ్లకే. రేషన్ కార్డులో ఇంటి పెద్దగా ఆడమనిషి పేరే ఉండాలని చట్టమే చెప్తోంది. మరి ఆవిడ లేని టైములో సభ పెట్టి ఎవరి అభిప్రాయం తీసుకున్నట్టు?

సిగ్నల్ కోసం డీలర్ మిషన్ పట్టుకుని గుట్ట ఎక్కుతాడు, వెనకాల జనం ఎక్కుతారు. ముసలివాళ్లు కింద కూర్చుని ఉంటారు, ఎవరైనా మిషన్ కిందికి తెస్తారేమోనని. వేళ్లు అరిగిపోయి ముద్ర పడనివాళ్లది ఇంకో బాధ. మా బడి పిల్లాడి అవ్వ వేలిని కొబ్బరినూనెతో రుద్ది, తుడిచి, మళ్లీ పెట్టి, ఐదోసారికి పడింది. ఆ పచ్చ లైటు వెలగగానే ఆవిడ ముఖం చూడాలి.

మంజీర_నీళ్లు

మా దగ్గర సభలో ప్లాస్టిక్ బియ్యం గురించి పెద్ద గొడవయింది. రేషన్ బియ్యంలో కొన్ని గింజలు నీళ్లలో తేలుతున్నాయి, తెల్లగా వేరేగా ఉన్నాయి. అది ఎవరైనా చెప్పారా?

గూడెం_టీచర్

ప్లాస్టిక్ కాదండీ. అవి పోషకాలు కలిపిన గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లాగా తయారుచేస్తారు. వంద బియ్యపు గింజలకి ఒకటి చొప్పున కలుపుతారు. అందుకే అక్కడక్కడా వేరేగా కనిపిస్తాయి. మా దగ్గర ఆడవాళ్లు చాటలో పోసి, ఓపికగా ఒక్కొక్కటే ఏరి కోళ్లకి వేసేవారు. బలం ఇచ్చే గింజలేమో కోళ్లకి పోయాయి, పిల్లలకి మామూలు బియ్యం మిగిలాయి. ముందే ఒకసారి సభ పెట్టి చాటలో చూపించి చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఇంట్లో సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్న పిల్లలుంటే మాత్రం డాక్టర్ని అడిగి తినిపించండి.

మంజీర_నీళ్లు

మా అమ్మ కూడా ఏరి పారేస్తోంది! ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

డల్లాస్_కిరాణా

నాది అమెరికాలో చిన్న ఇండియన్ గ్రోసరీ. ఇక్కడి ప్రభుత్వ ఆహార సాయం స్నాప్ కార్డు మా కొట్లో తీసుకుంటాం. పప్పు, బియ్యం, గోధుమపిండి కొనుక్కునే పేదవాళ్లు ఇక్కడా ఉన్నారు, మనవాళ్లలోనూ ఉన్నారు.

ఇక్కడ రూల్ మార్చాలంటే ముందు ముసాయిదా ప్రచురించి, ఇన్ని రోజుల్లో ఎవరైనా అభిప్రాయం రాయొచ్చని చెప్పాలి. వచ్చినవాటిలో ముఖ్యమైనవాటికి తుది రూల్‌లో జవాబు కూడా రాయాలి. పిల్లలు లేని, పనిచేయగల పెద్దలకి వారానికి 20 గంటల పని లేకపోతే మూడేళ్లలో మూడు నెలలే సాయం అనే నిబంధన ఉంది. పనులు దొరకని ప్రాంతాలకి రాష్ట్రాలు దాన్ని సడలించొచ్చు. 2019లో ఆ సడలింపుని బిగిస్తూ కొత్త రూల్ తెచ్చారు. లక్షకు పైగా అభిప్రాయాలు వచ్చాయి, ఎక్కువ శాతం వద్దనే. అయినా డిసెంబర్‌లో రూల్ ఖరారు చేశారు. రాష్ట్రాలు కోర్టుకి వెళ్తే 2020 అక్టోబర్‌లో ఫెడరల్ జడ్జి కొట్టేశారు. దాదాపు 7 లక్షల మందికి ఆహారం పోయే రూల్ అది. జనం రాసింది రికార్డులో ఉంది, దానికి సరైన జవాబు ఇవ్వలేదు అన్నది ఆ తీర్పులో పెద్ద విషయం.

కాబట్టి తమ్ముడూ, రాయి. ఆ రోజే వినకపోయినా, ఎప్పుడో ఎవరో ఆ ఫైలు తెరుస్తారు.

నిక్కచ్చి_మనిషి

తర్వాత 2025లో చట్టమే మార్చి పని నిబంధనని 64 ఏళ్ల దాకా పొడిగించారు కదా అక్కడ?

డల్లాస్_కిరాణా

అవును, అది నిజం. రూల్‌ని అభిప్రాయాలతో ఆపగలిగారు, చట్టసభ మార్చినదాన్ని ఆపలేకపోయారు. మా కొట్టుకి వచ్చే ఒక పెద్దాయనకి అరవై దాటాయి, నడుము నొప్పితో పని మానేశాడు. ఇప్పుడు కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు. ఫారాలు నేనే నింపి పెడుతున్నా.

లా_చదువుతున్నా

మన దగ్గర కూడా 2014 ఫిబ్రవరిలో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. కొత్త చట్టం గానీ నిబంధనలు గానీ తెచ్చేముందు ముసాయిదాని కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని. అది విధానమే, చట్టం కాదు. అమెరికాలోలాగా జవాబు ఇవ్వలేదని దాని మీద కోర్టులో గెలవడం కష్టం. అందుకే మనకి గ్రామసభ రిజిస్టర్, ప్రజావాణిలో (సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే చోటు) ఇచ్చే రసీదు, చట్టంలోని ఫిర్యాదుల వ్యవస్థ, ఇవే దిక్కు. ఆహార భద్రత చట్టం 15వ సెక్షన్ కింద జిల్లాకి ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు. ఆయన నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కి అప్పీల్ చేయొచ్చు. సభలో చెప్పిన కాగితమే సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకో.

మీసేవ_సెంటర్

ఒక చిన్న పని ఈలోపే చేసెయ్యి బ్రదర్. మేరా రేషన్ యాప్‌లో అన్న ఆధార్ నంబరుతో చూడు. కార్డులో నలుగురిలో ఎవరి ఈ-కేవైసీ అయింది, ఎవరిది కాలేదు అని కనిపిస్తుంది. పిల్లల్లో ఎవరికైనా ఈమధ్యే ఐదేళ్లు నిండి ఉంటే వాళ్లదే పెండింగ్ ఉంటుంది. అది కూడా కాగితంలో రాయి. లేకపోతే కార్డు తిరిగొచ్చాక ఒక యూనిట్, అంటే ఒక మనిషి వాటా, తగ్గి వస్తుంది, మళ్లీ తిరగాలి.

పాలమూరు_రైతుబిడ్డ

చూశాను. చిన్నదానికి ఆగస్టులో ఐదు నిండాయి. దానిదే కాలేదు. చెప్పకపోతే మర్చిపోయేవాళ్లం, థాంక్స్ అన్నా.

సిక్కోలు_సముద్రం

ఏం మార్చమని అడుగుతావో తేల్చుకున్నావా? నా ఓటు షాపు టైముకి. మా ఆంధ్రాలో 2025 జూన్ నుంచి వీధుల్లోకి రేషన్ తెచ్చే బండ్లు ఆపి మళ్లీ షాపులు తెరిచారు. ఒకటో తారీఖు నుంచి పదిహేను దాకా, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. 65 దాటిన వాళ్లకి, దివ్యాంగులకి ఇంటికి తెచ్చివ్వాలి. సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి ఉండటం కూలికి పోయేవాళ్లకి ఎంత మేలో నాకు తెలుసు.

అనంత_వాన

అది మంచిదే కానీ బెంగళూరు షాపు టైము పాలమూరు గ్రామసభ మార్చలేదు కదా అక్కా. ఇక్కడి సభ ఇక్కడివాళ్లు చేయగలిగింది అడగాలి. నా మాట, ఆపే ముందు ఫోన్ చేయాలి. ప్రతి కార్డుకీ ఫోన్ నంబరు ఉంది. నాలుగో నెల దాటగానే 'మీరు బియ్యం తీసుకోలేదు, ఎక్కడున్నారు' అని మెసేజ్ వస్తే చాలు.

డీలర్_బాబాయ్

మెసేజ్ చదవలేనివాళ్లు ఉన్నారు. నంబర్లు మారిపోయినవాళ్లు ఉన్నారు. లిస్టు షాపు ముందు గోడకి అంటించాలి. పంచాయతీ గోడకి కూడా. ఊళ్లో నలుగురు చూస్తే చుట్టాలే ఫోన్ చేసి చెప్తారు.

నిక్కచ్చి_మనిషి

దీనికి నేనూ ఒప్పుకుంటాను. గోడ మీద పేరు ఉంటే నిజంగా కారున్నవాడిదీ బయటపడుతుంది, నిజంగా వలస పోయినవాడికీ చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఆపే ముందు లిస్టు అంటించాలి, ఆపాక కాదు.

తనిఖీ_అక్క

ఇదే అడుగు తమ్ముడూ. 'ఆపబోయే కార్డుల జాబితాని నెల ముందు షాపు దగ్గర, పంచాయతీ దగ్గర అంటించాలి. విచారణకి వచ్చే తేదీ ముందుగా చెప్పాలి. ఇంటికి తాళం ఉంటే పొరుగువాళ్లనో చుట్టాలనో అడిగి, ఫోన్లో ఇంటివాళ్లతో మాట్లాడకుండా అనర్హులని రాయకూడదు.' ఇవన్నీ ఒకే కోరికలో భాగం, విడగొట్టకు.

పాలమూరు_రైతుబిడ్డ

రాశాను, చూసి చెప్పండి.

'మా అన్న కుటుంబం నలుగురు ఉగాది తర్వాత కూలి పని కోసం బెంగళూరు వెళ్లారు. అక్కడ రేషన్ షాపుకి రెండుసార్లు వెళ్లినా సర్వర్ పనిచేయక ఒకసారి, స్టాక్ లేక ఒకసారి బియ్యం దొరకలేదు. దసరాకి ఊరికి వస్తే కార్డు ఆగిపోయి ఉంది. ముందుగా మాకు ఎవరూ చెప్పలేదు. చిన్న పాపకి ఆగస్టులో ఐదేళ్లు నిండాయి, ఈ-కేవైసీ చేయించాలి. విచారణకి వచ్చే తేదీ ముందే చెబితే మా అన్న, వదిన పని మానుకుని ఊరికి వస్తారు. తాళం చూసి అనర్హులని రాయవద్దని కోరుతున్నాను. ఇకపై ఎవరి కార్డు ఆపాలన్నా ఆ జాబితాని నెల ముందు షాపు దగ్గర, పంచాయతీ దగ్గర అంటించాలని ఈ సభ తీర్మానం చేయాలని అడుగుతున్నాను.'

తనిఖీ_అక్క

బాగుంది. 'పని మానుకుని' అన్నచోట ఒక రోజు కూలి ఎంతో రాయి. కార్డు నంబరు పైన రాయి. ఇంకేం మార్చకు.

బెజవాడ_అత్త

చదువుతుంటే గొంతు పట్టేసింది. ధైర్యంగా చదువు బాబూ.

పాలమూరు_రైతుబిడ్డ

సభ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

నలభై మంది దాకా వచ్చారు. రోడ్డు, మోరీ, వీధిలైట్ల గురించి గంట గడిచింది. రేషన్ వంతు వచ్చేసరికి సగం మంది లేచిపోతున్నారు. నా చేయి వణుకుతోంది, కాగితం చూసి చదివాను. చదవడం అయ్యాక ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనకాల నుంచి మా కులమే కాని ఒక పెద్దమ్మ లేచి, 'నా కొడుకుది కూడా అంతే, పుణె పోయిండు' అంది. ఆ తర్వాత ఇంకొకరు. అలా మొత్తం ఏడు ఇళ్లు. ఏడు ఇళ్ల కార్డులు ఆగిపోయాయని ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎవరికి వాళ్లు తమదొక్కటే అనుకున్నారు.

సెక్రటరీ ముందు 'ఇది మా చేతిలో లేదు' అన్నాడు. రాసి పంపడం మీ చేతిలోనే ఉంది సార్ అన్నాను. అది నేనే అన్నానా అని ఇప్పటికీ అనిపిస్తోంది. రాశాడు. ఏడు కార్డు నంబర్లూ రాశాడు. లిస్టు అంటించాలనే తీర్మానం కూడా రాశాడు. చదివి వినిపించమంటే విసుక్కున్నాడు కానీ చదివాడు. ఒక నంబరు తప్పు రాసి ఉంటే పెద్దమ్మ అక్కడే పట్టుకుంది, కార్డు చేతిలో పెట్టుకుని అంకె అంకె సరిచూసింది. ఆవిడకి అంకెలు తప్ప అక్షరాలు రావు.

విజిలెన్స్ కమిటీలో ఎవరున్నారని అడిగాను. కనుక్కుని చెప్తామన్నారు. అదీ రాయమన్నాను.

లా_చదువుతున్నా

ఏడు ఇళ్లూ కలిసి సోమవారం ప్రజావాణికి వెళ్లండి. ఒక్కడివే వెళ్లకు.

పాలమూరు_రైతుబిడ్డ

వెళ్లొచ్చాం. ఆటో మాట్లాడుకుని ఐదుగురం వెళ్లాం, ఇద్దరు పనికి పోయారు. రసీదు ఇచ్చారు. విచారణ ఎప్పుడో ముందుగా ఫోన్లో చెప్తామన్నారు, నా నంబరు, పెద్దమ్మ నంబరు రాసుకున్నారు. రసీదు అమ్మ ట్రంకు పెట్టెలో కార్డు పక్కనే పెట్టింది. అన్నకి ఫోన్ చేసి చెప్తే, వచ్చే తేదీ తెలిస్తే రాత్రి బస్సు ఎక్కేస్తాం అన్నాడు.

డీలర్_బాబాయ్

ఇంటి తాళంచెవి ఒకటి అమ్మ దగ్గర ఉంచుకోమను. వాళ్లు చెప్పకుండా వచ్చినా తలుపు తీసి ఉండాలి.

పాలమూరు_రైతుబిడ్డ

నిన్ననే తీసుకుంది బాబాయ్. పొద్దున ఒకసారి వెళ్లి వాకిలి ఊడ్చి ముగ్గేసి వస్తోంది.